ఊపిరి కొలిచే గది

తమ్ముణ్ణి లోపలికి పిలిచి తలుపు వేసేశారు. అది పూర్తిగా మూసుకునేలోపు వాడు వెనక్కి తిరిగి, "అక్కా, ఈ తలుపు స్ప్రింగు మరీ బిగువుగా ఉంది, వేళ్ళు పెట్టకు" అని మరీ వెళ్ళాడు. ఇరవయ్యేళ్ళు లిఫ్టులు బాగుచేసినవాడికి ఏ తలుపైనా ముందు తలుపు, ఆ తర్వాతే ఆస్పత్రి. పొద్దున కింద లిఫ్టు ఎక్కినప్పుడూ అంతే. చెవి రిక్కించి విని, "బ్రేకు అరిగింది, నెలలో ఆగిపోతుంది చూడు" అన్నాడు. పక్కనున్న నర్సు గతుక్కుమని గోడకి అతుక్కుంది. అది చూసి నవ్వబోయి దగ్గాడు, ఆ దగ్గు మూడో అంతస్తు దాటేదాకా ఆగలేదు. జలుబు లేదు, కఫం లేదు, ఎండుటాకులు తొక్కినట్టు పొడిగా ఒకటే దగ్గు. ఆమె లెక్కపెట్టింది. లెక్కల టీచరు కాబట్టి కాదు, లెక్కపెట్టకుండా ఉండలేక. పదిహేడు. ఇప్పుడు గోడ గడియారంలో పదీ పది. స్కాను పొద్దున్నే అయిపోయింది. ఈ గదిలో గొట్టంలోకి ఊదించి ఊపిరి కొలుస్తారు. పదకొండుకి డాక్టరమ్మ పిలుస్తుంది. యాభై నిమిషాలు. బడిలో ఒక పీరియడు, ఒక పాఠం మొదలుపెట్టి ముగించేంత సేపు, ఇక్కడ మాత్రం ముల్లు ఒక గడి జరగడానికి ముక్కుతోంది. పక్క కుర్చీలో మరదలు ఒళ్ళో ప్లాస్టిక్ సంచీ పెట్టుకుని కూర్చుంది. స్కానుకి లోహం వద్దన్నారని పొద్దున తీసిచ్చిన వాచీ, ఉంగరం, బెల్టు, తాళాల గుత్తి అందులో ఉన్నాయి. ఆ పిల్ల వాటిని బయటికి తియ్యదు, సంచీ పైనుంచే ఒక్కొక్కటీ తడుముతుంది, ఉన్నాయా లేదా అన్నట్టు.

ఎదురుగా గోడకి ఒక ఫ్యాను. తిరగడం లేదు. ఫ్యాను వంక చూడకూడదని ఆమె అనుకుంది, అనుకున్నాక ఎవరైనా చూడకుండా ఉంటారా. మూడు నెలల క్రితం ఆమె ఇంట్లో ముందుగది ఫ్యాను కిరకిరమంటుంటే వాడే వచ్చాడు. స్టూలెక్కాడు, ఆమె కింద స్టూలు పట్టుకుంది. స్క్రూడ్రైవరు ఎత్తాడు, ఎత్తిన చెయ్యి దించాడు. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ దించాడు. "ఏంట్రా, ముసలాడివైపోయావా?" అని ఆమె నవ్వింది. నవ్వుతూనే చూసింది, వాడు ఆనుకోవడానికి చెయ్యి ఆమె భుజం మీద వేసినప్పుడు. వేళ్ళ కణుపుల మీద, ఒక్కో కణుపు మీదా విడివిడిగా, ఎర్రగా పొలుసు లేచిన మచ్చలు. వేళ్ళ పక్కలు పగిలి నల్లగా గీతలు. "చేతులకేమైందిరా?" అంది. "కొత్త గ్రీజు పడలేదక్కా, మా వాళ్ళందరి చేతులూ ఇంతే" అన్నాడు. "అవునా" అంది. అంతే. అవునా అన్న ఆ మూడక్షరాల మాట మూడు నెలలుగా గొంతులో ముల్లై కూర్చుంది. మామూలు మనిషి అవునా అంటే ఫరవాలేదు. ఆ మచ్చలేంటో ఆమెకి తెలుసు, ఆమె చేతుల మీద ఎనిమిదేళ్ళ క్రితం అవే మచ్చలు, అవే కణుపుల మీద. వాడికి టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి మీద నీళ్ళు పెట్టి స్నానాల గదిలో దూరి లైటు వేసి, ముందు తన చేతులు చూసుకుంది. తనవి. వాడివి కాదు, తనవి. నున్నగా, తెల్లగా, సుద్దపొడి తప్ప ఏమీ లేవు. అమ్మయ్య అనుకుంది. తోడబుట్టినవాడి చేతిమీద చూసిన రోగం తన చేతిమీద లేనందుకు అమ్మయ్య అనుకుంది, ఎవరికి చెప్పుకుంటుంది ఈ మాట? తిరిగొచ్చేసరికి నీళ్ళు ఇగిరి గిన్నె మాడిపోయింది. వాడు ఫ్యాను సగంలో వదిలేసి స్టూలు మీద కూర్చుని ఆయాసపడుతున్నాడు. "మళ్ళీ ఆదివారం వచ్చి చేస్తాలే" అన్నాడు. రాలేదు. రమ్మని ఆమె అడగలేదు. ఆదివారాలు వచ్చాయి, పోయాయి, ప్రతి ఆదివారం పొద్దున ఫోను చేతిలోకి తీసుకుని, గ్రీజే అయ్యుంటుంది, మెకానిక్కు చెయ్యి పగలకపోతే ఎవరి చెయ్యి పగులుతుంది అని తనకి తనే చెప్పుకుని పెట్టేసేది.

"వదినా, మంచినీళ్ళు తాగుతారా?" అంది మరదలు. వద్దంది. ఆ పిల్ల కళ్ళ కింద నల్లగా ఉంది. మొన్న చెప్పింది, వాడు పడుకున్నాక పక్కన కూర్చుని పక్కటెముకలు లేచి పడడం చూస్తూ ఉంటుందట, ఒకటీ రెండూ మూడూ అని. ఇంట్లో అందరూ లెక్కల టీచర్లే అయిపోయారు.

ఆమెకి ఆ జబ్బు వచ్చినప్పుడు ఎంత తొందరగా తెలిసిందో. అదీ గుచ్చుతోంది ఇప్పుడు. కనురెప్పలు ఉబ్బి వంకాయ రంగుకి తిరిగిన రెండో రోజే స్టాఫ్ రూములో అందరూ అడిగారు, ఏంటమ్మా ఏడ్చావా, ఇంట్లో ఏమైనా గొడవా, కొత్త క్రీమేమైనా రాశావా అని. నలుగురూ నాలుగు తిట్లు తిట్టి చర్మం డాక్టరు దగ్గరికి తోలారు. ఆ డాక్టరు చేతులు చూసి, గొంతుకింద ఎరుపు చూసి, కుర్చీలోంచి చేతులానించకుండా లెమ్మన్నాడు. లేవలేకపోయింది. అప్పటికే బోర్డు మీద కింది సగంలోనే రాస్తోంది, భుజం పైకి చెయ్యి లేవక. వెనక బెంచీలో పిల్లలు కనిపించడం లేదని మెడలు సాచి గోల చేసేవారు. మూడు వారాల్లో రక్తపరీక్ష, కండలోంచి ముక్క తీసి చూడడం, పేరు తేల్చడం అన్నీ అయిపోయాయి. ఒంటిని కాయాల్సిన కాపలావాడే ఒంటి మీద కర్రెత్తడం లాంటి జబ్బు, కండనీ చర్మాన్నీ పట్టుకుంటుంది, లక్షల్లో ఏ కొద్దిమందికో వస్తుంది, మందులకి లొంగుతుంది అన్నారు. లొంగింది. ఏడాది పట్టింది, ముఖం పూరీలా పొంగింది, మళ్ళీ తగ్గింది. మరి తమ్ముడి ముఖం చూసి ఎవరడిగారు? లిఫ్టు ఎక్కిదిగే నిలువు బావిలో పనిచేసేవాళ్ళందరి కళ్ళూ వెల్డింగు వెలుగుకి వాచే ఉంటాయి. అందరి చేతులూ పగిలే ఉంటాయి. అందరూ సాయంత్రానికి నడుం పట్టుకునే మెట్లు దిగుతారు. గోడకి కరుచుకుని తాళ్ళ మధ్య పాకుతాడని తోటివాళ్ళు వాణ్ణి బల్లి అంటారు, బల్లి అన్న. బల్లి అన్న ఈమధ్య పైకెక్కడంలేదు, కిందే ఉండి వైర్లు చూస్తున్నాడు అని వాళ్ళు గమనించారట. కొత్త కుర్రాళ్ళు వచ్చారు కదా, సీనియరయ్యాడు కదా అనుకున్నారట. ఆడదాని కనురెప్ప రంగు మారితే ఊరంతా అడుగుతుంది. మగాడి కనురెప్పని ఎవరు చూస్తారు? చూసినవాళ్ళు ఒక్కరే, ఆ ఒక్కరూ అవునా అన్నారు.

లోపల్నుంచి పరీక్ష చేసే అమ్మాయి గొంతు వినిపించింది. "గట్టిగా పీల్చండి, పీల్చండి, పీల్చండి, ఆఁ, ఇప్పుడు ఊదండి, ఊదండి, ఇంకా, ఇంకా, ఇంకా..." మరదలు చెయ్యి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. ఆమె పెదాలు కదలకుండా లెక్కపెడుతోంది. ఒకటి. రెండు. మూడు. దగ్గు. గొంతు ఆగింది, "ఫరవాలేదు, రెండు నిమిషాలు కూర్చుని మళ్ళీ చేద్దాం" అంది. ఎనిమిదేళ్ళ క్రితం ఇదే పరీక్ష ఆమెకీ చేశారు. గొంతు ఇంకా ఇంకా అంటూనే ఉంది, ఆమె ఊదుతూనే ఉంది, చివరికి ఆ గొంతే అలిసిపోయింది. ఆమెకి కండలూ చర్మమూ పోయి వచ్చాయి, ఊపిరితిత్తుల జోలికి జబ్బు వెళ్ళలేదు.

పోయిన వారం, దగ్గు ఆగక మరదలు వాణ్ణి ఇక్కడికి తీసుకొచ్చాక, డాక్టరమ్మ ఆమెనొక్కదాన్నే కూర్చోబెట్టుకుంది. పాత పేషెంటన్న చనువు. డాక్టరమ్మ తల నెరిసింది, చేతిలో పెన్ను మూత తీస్తూ పెడుతూ మాట్లాడే అలవాటు మాత్రం పోలేదు. "నీకొచ్చిందే మీ తమ్ముడికీ వచ్చింది. ఒకే ఇంట్లో ఇద్దరికి రావడం నా సర్వీసులో ఇదే చూడడం" అంది. ఆమె వెంటనే, అయితే ఏడాదిలో తగ్గిపోతుందిగా మేడమ్ అంది. పెన్ను మూత ఆగింది. "చూడమ్మా, ఇది ఆడవాళ్ళకే ఎక్కువ వస్తుంది. మగవాళ్ళకి తక్కువ. కానీ వచ్చినప్పుడు మగవాళ్ళని కాస్త గట్టిగా పట్టుకుంటుందని కొన్నిచోట్ల లెక్కల్లో తేలింది. ఊపిరితిత్తుల్లోకి వెళ్ళడం, ఎక్కడైనా క్యాన్సరు గడ్డ దాక్కుని ఉండడం, అవి వాళ్ళలో ఎక్కువ వెతుక్కోవాలి. ఎందుకంటే నాకు తెలీదు. ఒంట్లో తేడానో, ఆలస్యంగా రావడమో, రెండూనో, సరిగ్గా ఎవరికీ తెలీదు. ఆ లెక్క గుంపుది, మీ తమ్ముడిది కాదు. ముందు పరీక్షలు కానీ." ఆమె తల ఊపి బయటికొచ్చింది, ఆ మాట కొంగున ముడేసుకున్నట్టు తెచ్చుకుంది, ఎవరి ముందూ విప్పలేదు. ఏటా తొమ్మిదో తరగతికి తనే చెబుతుంది, సరాసరి అంటే తరగతిలో లేని పిల్లవాడు, యాభై రెండున్నర మార్కులు ఏ పిల్లవాడికీ రాలేదు చూసుకోండి అని. పిల్లలు నవ్వుతారు. ఆ పాఠం ఇప్పుడు తనకే ఎక్కడం లేదు. తమ్ముడు గుంపులో ఎక్కడున్నాడు, ఈ చివరా ఆ చివరా? మనసులోనే బోర్డు మీద గీత గీసి, చుక్క పెట్టబోయి, సుద్దముక్క చేతిలో అలా ఆగిపోయింది.

"వదినా, మీకు మొదట్లో ఇలాగే దగ్గొచ్చేదా?" మరదలు అడిగింది. ఆమె తలుపు వైపు చూస్తూ, "ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుందిలే" అంది. "మీరున్నారు కాబట్టి సరిపోయింది, లేకపోతే నేను ఈపాటికి పిచ్చిదాన్నయ్యేదాన్ని. భయమేసినప్పుడల్లా మీరు బడికి వెళ్ళేటప్పటి నడక గుర్తుచేసుకుంటాను. బస్సు కోసం పరుగు కూడా పెడతారు కదా మీరు." ఇప్పుడు చెప్పెయ్యాలి. ఇంతకంటే మంచి సందు దొరకదు. నోరు తెరిచింది. నా నడక చూసి నీ మొగుడి ఊపిరి అంచనా వెయ్యకమ్మా అనాలి. ఎలా అంటారు ఆ మాట, ఏ క్రియతో మొదలుపెడతారు? నేను చూశాను అని మొదలుపెట్టాలా, డాక్టరు చెప్పింది అని మొదలుపెట్టాలా? చూశాను అంటే ఆ పిల్ల మణికట్టు మీంచి చెయ్యి తీసేస్తుంది. తియ్యాల్సిందే. తీసేస్తే ఈ కుర్చీల్లో తనొక్కతే మిగులుతుంది. లోపల మళ్ళీ మొదలైంది, పీల్చండి, పీల్చండి. ఒకటి. రెండు. మూడు. నాలుగు. దగ్గు. మూడోసారి. ఒకటి. రెండు. మూడు. ఈసారి ఆ అమ్మాయి ఇంకా ఇంకా అనలేదు. "చాలండి" అంది, మరీ మెత్తటి గొంతుతో.

డాక్టరమ్మ పదకొండు కాకముందే పిలిచింది. పిలిచినప్పుడే తెలిసిపోయింది, మంచివార్తకి ఎవరూ తొందరపడరు. తమ్ముడు కుర్చీ చేతులు రెండూ పట్టుకుని కూర్చున్నాడు. డాక్టరమ్మ ఫిల్మును వెలుగు పెట్టెకి తగిలించింది. రెండు ఊపిరితిత్తుల అడుగునా, నల్లగా ఉండాల్సిన చోట, అద్దం మీద ఆవిరి పట్టినట్టు తెల్లగా ఉంది.

"జబ్బు ఇక్కడికి వచ్చింది" అంది. "ఊపిరి కొలత కూడా ఉండాల్సినదానికి సగం దాటి కొంచెం ఉంది. ఇవాళే చేరాలి, మధ్యాహ్నం నుంచే మందు ఎక్కించాలి."

"వదినకి ఇచ్చిన మందేనా డాక్టరు గారూ? ఆవిడకి తగ్గిందిగా" అంది మరదలు.

"అది మొదలు మాత్రమే. దాంతోపాటు ఇంకో రెండు గట్టి మందులు. పేరు ఒకటే అయినా జబ్బు ఒకటే కాదమ్మా. ఆమెకి తగ్గిందని ఈయనకి తగ్గుతుందని నేను చెప్పను. తగ్గదనీ చెప్పను."

"లేటయ్యిందా మేడమ్?" అన్నాడు తమ్ముడు.

పెన్ను మూత తీసింది, పెట్టింది. "మూడు నెలల ముందొచ్చుంటే బావుండేది. ఇంకో మూడు నెలలాగి వచ్చుంటే మీతో ఏం మాట్లాడేదాన్నో నాకే తెలీదు."

మూడు నెలలు. ఎవరో కాగితం మీద రాసిచ్చినట్టు అదే అంకె. మధ్యాహ్నం ఒంటిగంటకి నాలుగో అంతస్తు వార్డులో, కిటికీ పక్క మంచం మీద, తమ్ముడి ఎడం చేతికి సూది గుచ్చి ప్లాస్టరు వేశారు. సంతకాలు పెట్టాలని మరదల్ని కిందికి పిలిచారు. సీసాలోంచి చుక్కలు పడుతున్నాయి. ఆమె మంచం పక్క స్టూలు మీద కూర్చుంది, లేచింది, కిటికీ తెర సర్దింది, మళ్ళీ కూర్చుంది. "ఎందుకే అలా కాలుగాలిన పిల్లిలా తిరుగుతావు" అన్నాడు వాడు. అప్పుడు చెప్పేసింది. వాడి ముఖం చూసి చెప్పలేక, ప్లాస్టరు చూస్తూ చెప్పింది. ఫ్యాను రోజు మచ్చలు చూశాననీ, గుర్తుపట్టాననీ, నోరు మూసుకున్నాననీ. స్నానాల గదిలోకి పోయి ముందు తన చేతులు చూసుకున్నాననీ. ఆ చివరి ముక్క అంటున్నప్పుడు గొంతు పిల్లలు తప్పు ఒప్పుకునేటప్పటి గొంతులా సన్నబడిపోయింది.

వాడు దగ్గాడు, నీళ్ళు తాగాడు.

"నాకు దానికి నెల ముందే తెలుసక్కా."

"ఏం తెలుసు?"

"బావిలో నిలబడి టార్చి పట్టుకున్నా, చెయ్యి దానంతటదే కిందికొచ్చేసింది. ఆరునెలలు నీ తల దువ్వినవాణ్ణి, కుర్చీలోంచి లేపినవాణ్ణి, నాకు తెలీదా? నీ ఇంటికొచ్చింది ఫ్యాను కోసం కాదు. నువ్వు చూసి నాలుగు తిడతావేమో, ఆ వంకన ఆస్పత్రికి వెళ్దామనుకున్నా. నువ్వు అవునా అన్నావు. అక్కే అవునా అంది కదా, అయితే ఫరవాలేదులే అనుకున్నా."

ఆమెకి ఏడుపు రాలేదు. "నోటితో చెప్పొచ్చుగా వెధవా" అంది.

"నీకు తగ్గింది కదక్కా. నువ్వు మళ్ళీ బోర్డు పైవరస నుంచి రాస్తున్నావు కదా. ఎప్పుడు చూపించుకున్నా తగ్గేదే అనుకున్నా. పైగా మగాణ్ణి, బరువులెత్తే ఒళ్ళు. నీకే తగ్గితే నాకెంత అనుకున్నా."

"మగవాళ్ళనే గట్టిగా పట్టుకుంటుందట్రా ఇది. పోయిన వారమే చెప్పింది డాక్టరమ్మ. అదీ దాచాను."

వాడు కళ్ళు పెద్దవి చేశాడు. తర్వాత, నవ్వితే దగ్గొస్తుందని పెదాలతోనే నవ్వాడు. "చివరికి ఇందులోనా మీ ఆడవాళ్ళు గెలిచింది."

"చాలావాటిల్లో గెలిచాం. మీకు చెప్పలేదంతే."

నర్సు వచ్చి చుక్కల వేగం చూసి, చెయ్యి కదపొద్దని చెప్పి వెళ్ళింది. వాడు ఆ చెయ్యినే చూసుకుంటున్నాడు, ఎవరో పరాయివాడు తన పక్కలో పెట్టి మరిచిపోయిన వస్తువులా. గొంతు తగ్గించి, "భయంగా ఉందక్కా" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక వాడి నోట ఆ మాట వినలేదు. లిఫ్టు బావిలో పద్నాలుగు అంతస్తుల ఎత్తున తాడు తెగినప్పుడు కూడా ఇంటికొచ్చి చొక్కా చిరిగిందనే చెప్పాడు. "నీకు ఇలా ఎక్కించినప్పుడు నిజంగా ఎలా ఉండేది? నేను సాయంత్రం వచ్చేసరికి దిండుకి ఆనుకుని నవ్వుతూ కూర్చునేదానివి. ఏముందిరా, నాలుగు సీసాలు, తిని పడుకోవడమే అనేదానివి. అది కాదు నాక్కావాల్సింది."

నిజమే, వాడొచ్చేముందు ముఖం కడిగించుకుని, దిండ్లు సర్దించుకుని కూర్చునేది. తిండి మింగుడుపడక ముక్కులోంచి నీళ్ళు వచ్చిన సంగతి, వీపు తిప్పడానికి ఇద్దరు నర్సులు కావాల్సొచ్చిన సంగతి వాడికి తెలియనివ్వలేదు. తెలియనివ్వకపోవడమే ప్రేమ అనుకుంది. వాడు ఆ నవ్వునే నమ్మి, ఆ నవ్వు మీదే లెక్క కట్టుకుని నాలుగు నెలలు కూర్చున్నాడు.

మరదలు కాగితాలతో తిరిగొచ్చి గుమ్మంలో నిలబడింది. ఇద్దరి ముఖాలూ చూసి, ఏమైంది వదినా అంది. ఆమె స్టూలు మంచానికి ఇంకా దగ్గరగా లాక్కుని, పక్క మంచం దగ్గరి ఖాళీ కుర్చీ చూపించి, "ఇలా తెచ్చుకుని కూర్చో, నువ్వూ వినాలి. నీకు చెప్పాల్సినవి వేరే కూడా ఉన్నాయి, అవి తర్వాత" అంది. ఆ పిల్ల కూర్చుంది. ఆమె తమ్ముడి కుడిచెయ్యి, సూది లేని చెయ్యి, పగిలిన వేళ్ళతో సహా తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"మూడో రోజు పొద్దున నేను చచ్చిపోతానని గట్టిగా అనుకున్నానురా" అంది.

"ఊఁ" అన్నాడు తమ్ముడు.